ఫుడ్ ట్రక్కులకు అనుమతులు, చోటు, శుభ్రత: మధురవాడ పరిసరాల వారి కోసం తరచుగా అడిగే ప్రశ్నలు

మధురవాడ, పోతినమల్లయ్యపాలెం, కొమ్మాది, ఎండాడ ఒకప్పుడు విశాఖపట్నం శివారు పల్లెలు. 2005 నవంబరులో గాజువాక పురపాలక సంఘాన్నీ, చుట్టుపక్కల 32 గ్రామాలనూ కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థను (జీవీఎంసీ) ఏర్పాటు చేశాక ఇవి నగరంలో భాగమయ్యాయి. ఋషికొండ ఐటీ కొండలు, క్రికెట్ స్టేడియం, వరుసగా లేచిన అపార్టుమెంట్లు వచ్చిన తరువాత సాయంత్రం ఆరు దాటితే కాలనీ రోడ్ల మలుపుల్లో టిఫిన్ బండ్లతో పాటు ఫుడ్ ట్రక్కులు కూడా నిలుస్తున్నాయి. వాటిని నడిపేవారికీ, వాటి పక్కనే కాపురం ఉండేవారికీ మధ్య తలెత్తే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి. ఈ ప్రశ్నలు కాలనీ సంఘం సమావేశాల్లోనూ బండ్ల దగ్గరా మళ్లీ మళ్లీ వినబడుతున్నవే.

ఫుడ్ ట్రక్కు పెట్టడానికి ఒక్క లైసెన్సు సరిపోతుందా?

సరిపోదు. ట్రక్కు రోడ్డెక్కగల వాహనం కనుక రవాణా శాఖ పరిధిలోకి వస్తుంది. అందులో వండి అమ్ముతారు కనుక ఆహార భద్రత చట్టం వర్తిస్తుంది. నగర పరిధిలో వ్యాపారం చేస్తుంది కనుక జీవీఎంసీకి జవాబుదారీ. రోడ్డు పక్కన ఆగుతుంది కనుక ట్రాఫిక్ పోలీసులకూ దానితో పని ఉంటుంది.

ట్రక్కు కొనబోయేవారు ముందుగా గ్రహించవలసిన సంగతి ఒకటుంది. వాహనానికి, ఆహారానికి, వ్యాపారానికి సంబంధించిన కాగితాలు ఓపికగా తిరిగితే చేతికి వస్తాయి. ఆ కాగితాలలో ఏ ఒక్కటీ రోడ్డు మీద ఫలానా చోట నిలబడే హక్కును ఇవ్వదు. చోటు అనేది వేరే వ్యవహారం, దానికి వేరే దారి ఉంది. అప్పు చేసి, వాహనం తయారు చేయించుకుని, రిజిస్ట్రేషన్లన్నీ గోడకు తగిలించిన తరువాత "ఇక్కడ పెట్టడానికి వీల్లేదు" అన్న మాట వినవలసిన పరిస్థితి ఎవరికీ రాకూడదు. అందుచేత చోటు సంగతి తేల్చుకున్నాకే వాహనానికి బయానా ఇవ్వండి.

తోపుడు బండికీ ఫుడ్ ట్రక్కుకూ చట్టం దృష్టిలో తేడా ఉందా?

కొంతమేర ఉంది. 2014 మే 1 నుంచి అమల్లో ఉన్న వీధి విక్రయదారుల చట్టం ప్రకారం వీధిలోనో, కాలిబాట మీదనో, పార్కులోనో, మరే బహిరంగ స్థలంలోనో తాత్కాలిక నిర్మాణం నుంచి గాని, ఒకచోటి నుంచి మరొక చోటికి తిరుగుతూ గాని వస్తువులో ఆహారమో అమ్మేవారు వీధి వ్యాపారులు. ఈ నిర్వచనంలో చక్రాలెన్ని, ఇంజను ఉన్నదా లేదా అన్న ప్రస్తావన లేదు. ఇడ్లీ బండి నడిపే ఇల్లాలు ఎంత వీధి వ్యాపారో, పాత టాటా ఏస్‌ను వంటబండిగా మార్చుకుని దాని మీదనే బతికే మనిషీ అంతే వీధి వ్యాపారి.

తేడా వచ్చేది యజమాని విషయంలో. వెండింగ్ సర్టిఫికెట్ (వీధిలో అమ్ముకోవడానికి ఈ చట్టం కింద ఇచ్చే పత్రం) తీసుకునేవారు మూడు సంగతులకు హామీ ఇవ్వాలి: వ్యాపారం తానే గాని, తన కుటుంబ సభ్యుల ద్వారా గాని నడుపుతానని, తనకు వేరే జీవనాధారం లేదని, ఆ సర్టిఫికెట్‌ను మరొకరికి అద్దెకు గాని మరే విధంగా గాని బదలాయించనని. ఐటీ కొండ మీద ఉద్యోగం చేసుకుంటూ, ఇద్దరు కుర్రాళ్లను జీతానికి పెట్టి సాయంత్రం పూట ట్రక్కు నడిపించే వ్యక్తి ఈ హామీ నిజాయితీగా ఇవ్వలేరు. ఊళ్లో మూడు చోట్ల మూడు ట్రక్కులు పెట్టిన సంస్థ అసలే ఇవ్వలేదు. అలాంటి వ్యాపారాలు చేయకూడదని దీని అర్థం కాదు. బతుకుతెరువు కోసం వీధినే నమ్ముకున్నవారికి ఉద్దేశించిన రక్షణను అవి కోరలేవు. ప్రైవేటు స్థలం అద్దెకు తీసుకుని, ట్రేడ్ లైసెన్సుతో నడుపుకోవలసి ఉంటుంది.

పెద్ద ట్రక్కు వచ్చి ఆగిన చోట పాత తోపుడు బండి కొనుగోలుదారులను పోగొట్టుకోవడం ఇక్కడ చాలాసార్లు చూస్తున్నాము కనుక ఈ విభజన న్యాయమైనదేనని మా అభిప్రాయం.

చోటు ఎవరు నిర్ణయిస్తారు?

టౌన్ వెండింగ్ కమిటీ సిఫారసు మీద నగరపాలక సంస్థ నిర్ణయిస్తుంది. ఈ కమిటీకి కమిషనర్ అధ్యక్షులు. సభ్యుల్లో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వారిని వ్యాపారులే ఎన్నుకోవాలి, వారిలో మూడో వంతు మహిళలు కావాలి. స్వచ్ఛంద సంస్థలకూ స్థానిక సంఘాలకూ కనీసం 10 శాతం స్థానం ఉంటుంది. ట్రాఫిక్ పోలీసులు, నివాసుల సంక్షేమ సంఘాలు, వర్తక సంఘాలు, బ్యాంకుల ప్రతినిధులు కూడా ఇందులో కూర్చుంటారు.

కనీసం అయిదేళ్లకొకసారి వీధి వ్యాపారుల సర్వే జరగాలి. సర్వేలో గుర్తించినవారికి వార్డు, జోను లేదా పట్టణ జనాభాలో రెండున్నర శాతం పరిమితికి లోబడి చోటు కల్పించాలి. అమ్మకాలకు అనుమతి ఉన్న చోట్లు, పరిమితులతో అనుమతి ఉన్న చోట్లు, అనుమతి లేని చోట్లు వీధి విక్రయాల ప్రణాళికలో గుర్తించాలి. మన రాష్ట్రంలో క్షేత్రస్థాయిలో సర్వే, గుర్తింపు కార్డుల పనిని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సిబ్బంది చూస్తుంటారు, కాబట్టి వ్యాపారులు తమ వార్డు మెప్మా రిసోర్స్ పర్సన్‌తో పరిచయం పెంచుకోవడం అవసరం. సర్వే రోజున బండి దగ్గర లేకపోతే పేరు ఎక్కదు. కుటుంబంలో ఎవరో ఒకరు ఆధార్ కార్డుతో అక్కడ ఉండేట్టు చూసుకోవాలి.

కాలనీవాసులకూ ఇదే వేదిక. "మా వీధి మలుపులో ట్రక్కులు వద్దు, ఫలానా ఖాళీ స్థలం పక్కన పెట్టించండి" అని చెప్పదలచుకుంటే, రాత్రి తొమ్మిదింటికి బండి యజమానితో వాదనకు దిగడం కన్నా ప్రణాళిక తయారయ్యే దశలో లిఖితపూర్వకంగా కమిటీకి చెప్పడం ఇరువైపులా గౌరవం.

మా కాలనీ సంఘం తీర్మానం చేసి ట్రక్కులను నిషేధించవచ్చా?

బహిరంగ రోడ్డు మీద నిషేధించలేరు. రోడ్డు కాలనీ సంఘానిది కాదు. గేటెడ్ కమ్యూనిటీ లోపలి రోడ్లు, అపార్టుమెంట్ ప్రాంగణం మీ సొంతం, అక్కడ మీ మాట చెల్లుతుంది.

నగరపాలక సంస్థ కూడా తలచుకున్న చోటల్లా నిషేధ ప్రాంతం అని బోర్డు పెట్టలేదు. చట్టంలోని మొదటి షెడ్యూలు కొన్ని హద్దులు గీసింది. ఎప్పటి నుంచో కొనేవారూ అమ్మేవారూ చేరే సహజ మార్కెట్‌ను నిషేధ ప్రాంతంగా ప్రకటించరాదు. రద్దీ ఎక్కువగా ఉందన్నది కారణం కారాదు. అపరిశుభ్రత కారణం చూపాలంటే ఆ అపరిశుభ్రత పూర్తిగా వీధి వ్యాపారుల వల్లే కలిగినదై ఉండాలి, పైగా పాలక సంస్థ తగిన చర్యలతో దాన్ని సరిదిద్దలేని పరిస్థితి ఉండాలి. సర్వే జరిగి ప్రణాళిక సిద్ధమయ్యే దాకా ఏ ప్రాంతాన్నీ నిషేధ ప్రాంతంగా ప్రకటించడానికి వీల్లేదు. వీధిలో వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగంలోని 19వ అధికరణం కిందికి వచ్చే హక్కేనని, దానికి సమంజసమైన ఆంక్షలు పెట్టవచ్చునని సుప్రీంకోర్టు 1989లోనే సోదన్ సింగ్ కేసులో చెప్పింది.

సర్టిఫికెట్ ఇంకా రాలేదు. ఈలోగా బండి తీసేయమంటే ఏం చేయాలి?

2025 సెప్టెంబరులో 'ఆపరేషన్ లంగ్స్' పేరుతో నగరంలో రోడ్ల పక్క దుకాణాలనూ బండ్లనూ పెద్ద ఎత్తున తొలగించినప్పటి నుంచి మధురవాడ వైపు కూడా ఈ ప్రశ్న అడగని వ్యాపారి లేరు. సర్వే పూర్తయి, సర్టిఫికెట్లు జారీ అయ్యే వరకు ఏ వీధి వ్యాపారినీ ఖాళీ చేయించడం గాని, మరోచోటికి తరలించడం గాని చేయరాదని చట్టంలోని మూడవ సెక్షన్ చెబుతోంది. సర్టిఫికెట్ రద్దయినవారినీ, లేనివారినీ ఖాళీ చేయించే సందర్భంలో కూడా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. గడువు దాటినా కదలకపోతే రోజుకు 250 రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. అయితే ఆ మొత్తం స్వాధీనం చేసుకున్న సరుకు విలువను మించకూడదు.

సరుకు స్వాధీనం చేసుకునేటప్పుడు జాబితా రాయాలి. ఆ జాబితా మీద అధీకృత ఉద్యోగి సంతకం చేసి, ఒక ప్రతిని వ్యాపారికి ఇవ్వాలి. ఇది నామమాత్రపు తంతు కాదు. హడావుడిలో లారీ ఎక్కించిన సామాను తరువాత గుర్తుపట్టి తెచ్చుకోవడానికి ఆ కాగితమే ఆధారం. "బండి సామాను" అని ఒక్క మాట రాస్తే చాలదు. రెండు బర్నర్ల ఇనుప పొయ్యి ఒకటి, దోసె పెనం ఒకటి, ఇడ్లీ పాత్ర రేకులతో సహా ఒకటి, గ్యాస్ సిలిండర్ ఒకటి, రుబ్బిన పిండి ఉన్న స్టీలు డబ్బాలు రెండు, ప్లాస్టిక్ స్టూళ్లు నాలుగు అని విడివిడిగా రాయించుకోవాలి. రాయడానికి ఒప్పుకోకపోతే, లారీలో పెట్టేటప్పుడు ఫోనులో ఫోటోలు తీసి, అదే రోజు వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. పాడైపోయే సరుకును వ్యాపారి అడిగిన రోజే తిరిగి ఇవ్వాలి, తక్కినదాన్ని రెండు పనిదినాల్లో ఇవ్వాలి. రుబ్బిన పిండి మర్నాటికి పులిసిపోతుంది కాబట్టి అడగడంలో ఆలస్యం చేయవద్దు.

ఈ రక్షణ ట్రక్కుకు కూడా పూర్తిగా వర్తిస్తుందా?

ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. ట్రక్కు వీధి వ్యాపారం చేసే సాధనమే అయినా, మోటారు వాహనం కూడా. మలుపులోనో, జీబ్రా గీతల మీదనో, ఇతరులకు ప్రమాదం కలిగేట్టు ఆపితే మోటారు వాహనాల చట్టం కింద పోలీసులు అక్కడికక్కడే తీయించవచ్చు, క్రేనుతో తరలించవచ్చు. దీనికి 30 రోజుల నోటీసు ఉండదు. తోపుడు బండికి లేని ఈ చిక్కు ట్రక్కుకు ఉన్నది కనుక, నిలిపే చోటు విషయంలో ట్రక్కు యజమాని మరింత జాగ్రత్తగా ఉండక తప్పదు. అమ్మే కిటికీ కాలిబాట వైపు ఉండాలి. రోడ్డు వైపు కిటికీ ఉన్న ట్రక్కు దగ్గర కొనేవారు వాహనాల మధ్య నిలబడి తినవలసి వస్తుంది. దోసె ప్లేటు పట్టుకుని వెనక్కి ఒక అడుగు వేసిన పిల్లవాడిని బైకు రాసుకుంటూ పోవడం కళ్లారా చూసినవారికి ఈ మాట ఇంకా చెప్పనక్కరలేదు.

ఏయే చోట్ల ట్రక్కు నిలపడం కుదరదు?

హనుమంతవాక నుంచి ఆనందపురం వైపు సాగే సర్వీసు రోడ్డు చూడడానికి అనుకూలంగానే ఉంటుంది, రాత్రి వేళ రద్దీ కూడా బాగుంటుంది. కానీ జాతీయ రహదారికి చెందిన భూమి అంతా 2002 నాటి జాతీయ రహదారుల నియంత్రణ చట్టం కిందికి వస్తుంది. అక్కడ ఆక్రమణ తొలగించే అధికారం రహదారుల యంత్రాంగానిది. జీవీఎంసీ ఇచ్చిన ట్రేడ్ లైసెన్సు చూపినా అక్కడ పని జరగదు.

సముద్రతీరంలో సంగతి ఇంకా చిక్కైనది. తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు, పర్యాటక శాఖ, వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ), నగరపాలక సంస్థ అన్నీ కలిసే చోటు అది. ఋషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ అనే, శుభ్రమైన తీరాలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది, ఇసుక మీద ఎంగిలి ప్లేట్లు కనిపిస్తే ఆ గుర్తింపుకే ముప్పు. తీరంలో కేటాయించిన స్టాళ్లకు దరఖాస్తు పెట్టుకోవడమే మార్గం.

పాఠశాల గేటుకు ఏ వైపునైనా 50 మీటర్లలోపు కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా ఉన్న పదార్థాలను బడి పిల్లలకు అమ్మరాదని 2020 నాటి ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. నూడుల్స్, చిప్స్, శీతల పానీయాలు అమ్మే ట్రక్కులు స్కూలు వదిలే వేళకు గేటు ముందు నిలవడం పరిపాటి అయిపోయింది. ఇది తల్లిదండ్రులు పట్టించుకోవలసిన విషయం.

ఖాళీ స్థలం అద్దెకు తీసుకుని నాలుగైదు ట్రక్కులు పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. పెట్టుబడి పెట్టి నడిపే ట్రక్కులకు ఇదే సరైన మార్గం. స్థల యజమానితో రాతపూర్వకమైన అద్దె ఒప్పందం, స్థలానికి ఖాళీ స్థలం పన్ను బకాయి లేకుండా ఉండడం, ఒక్కొక్క ట్రక్కుకు ట్రేడ్ లైసెన్సు ప్రధానమైనవి. అపార్టుమెంట్ సెట్‌బ్యాక్‌లోనూ (భవనానికీ స్థలం హద్దుకూ మధ్య వదలవలసిన ఖాళీ), మంజూరైన ప్లానులో పార్కింగుగా చూపిన చోటా వ్యాపారం పెట్టిస్తే అది ప్లాను ఉల్లంఘన అవుతుంది. వార్డు ప్లానింగ్ కార్యదర్శి చూస్తే నోటీసు ఇస్తారు. వచ్చేవారి వాహనాలకు లోపలే చోటు చూపకపోతే ట్రక్కులు ప్రైవేటు స్థలంలో ఉన్నా రోడ్డు మాత్రం బైకులతో నిండిపోతుంది. కాలనీల నుంచి వచ్చే ఫిర్యాదులు ఎక్కువగా దీని గురించే.

రోజూ ఆశీలు కడుతున్నాము. అది అనుమతి కాదా?

కాదు. ఆశీలు వసూలు హక్కును వేలం పాడుకున్న కాంట్రాక్టరుకు చెల్లించేది మార్కెట్ రుసుము మాత్రమే. దాని రసీదు ఆ రోజు ఆ చోట వ్యాపారం చేసినట్టు చెప్పడానికి కొంత ఉపయోగపడుతుంది కనుక పారేయకుండా దాచుకోండి. నిర్ణయించిన రేటు ఎంతో అడిగి తెలుసుకోండి. రసీదు ఇవ్వకుండా తీసుకున్న సొమ్ము ఎవరు తీసుకున్నా రుసుము కాదు, మామూలు. మామూలు ఇచ్చి సంపాదించిన చోటు మామూలు తీసుకున్న మనిషి బదిలీ కాగానే పోతుంది.

వాహనాన్ని వంటబండిగా మార్చడానికి ఎవరి అనుమతి కావాలి?

రవాణా శాఖ అనుమతి కావాలి. తయారీదారు నిర్దేశించిన రూపానికీ, ఆర్‌సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చేట్టు వాహనాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. వెనుక పెట్టె కోసి కిటికీ తెరిచి, పైన టాపు లేపి, కింద నీళ్ల ట్యాంకు బిగించే ముందే రిజిస్ట్రేషన్ అధికారికి దరఖాస్తు చేసి, పని పూర్తయ్యాక తనిఖీ చేయించి, మార్పును ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. వాహన వర్గాల్లో మొబైల్ క్యాంటీన్ అన్నది విడిగా ఉంది, ఆ వర్గం కింద నమోదు చేయమని అడగండి. షెడ్డు మేస్త్రీ "అందరూ ఇలాగే చేయించుకుంటున్నారండీ" అంటే నమ్మవద్దు. ఆర్‌సీలో సరుకు రవాణా వాహనం అని ఉండి, లోపల వంటగది ఉంటే, ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థ మొదట చూసేది ఆ తేడానే.

మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న వాహనాన్ని తేలికపాటి మోటారు వాహనాల లైసెన్సుతో నడపవచ్చునని సుప్రీంకోర్టు 2024 నవంబరులో స్పష్టం చేసింది. మన దగ్గర తిరిగే ట్రక్కులు సాధారణంగా ఈ పరిమితికి లోపలే ఉంటాయి.

ఆహార భద్రత రిజిస్ట్రేషన్ ఎలా తీసుకోవాలి?

ఆహార భద్రత లైసెన్సుల కోసం ఉన్న ఫోస్కోస్ వెబ్‌సైటులో దరఖాస్తు చేసుకోవాలి. 2011 నాటి నిబంధనల్లో ఏడాదికి 12 లక్షల రూపాయల టర్నోవరు లోపు ఉన్నవారికి రిజిస్ట్రేషన్, అది దాటినవారికి లైసెన్సు అని విభజించారు. పరిమితులను ఎప్పటికప్పుడు మారుస్తుంటారు కనుక దరఖాస్తు నాటికి ఉన్న అంకెను వెబ్‌సైటులోనే చూసుకోండి. వచ్చే 14 అంకెల సంఖ్యను ట్రక్కు మీద కనబడేట్టు రాయాలి. వండేవారికీ వడ్డించేవారికీ ఏటా వైద్య పరీక్ష చేయించాలి. టర్నోవరు 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు కూడా తప్పదు.

గ్యాస్ సిలిండర్ విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ఇంటి అవసరాలకు ఇచ్చే 14.2 కిలోల ఎర్ర సిలిండర్ వ్యాపారానికి వాడరాదు. 19 కిలోల వాణిజ్య సిలిండర్ వాడాలి. ధర ఎక్కువన్న మాట నిజమే, కానీ పట్టుబడితే సిలిండర్, కనెక్షన్ రెండూ పోతాయి.

దీనికంటే ముఖ్యమైన విషయం ట్రక్కు లోపలి గాలి. వంటగ్యాస్ గాలికంటే బరువైనది కనుక లీకైనప్పుడు పైకి పోకుండా నేల మీద పరుచుకుంటుంది. ఆరుబయట నిలిచే తోపుడు బండి దగ్గర అది చెదిరిపోతుంది. నాలుగు వైపులా రేకు కొట్టిన ట్రక్కులో పాదాల దగ్గరే పేరుకుపోతుంది. పైన ఎగ్జాస్టు ఫ్యాను ఉన్నా ఇది ఆగదు. అందుకని నేల మట్టాన రంధ్రాలు పెట్టించడం, సిలిండరును బయటికి తలుపు ఉన్న విడి అరలో నిటారుగా నిలబెట్టడం, ట్రక్కు కదిలే ముందు రెగ్యులేటరు విప్పేయడం తప్పనిసరి అలవాట్లు కావాలి. మంటలార్పే సిలిండరు పొయ్యి పక్కన కాకుండా తలుపు దగ్గర ఉండాలి. మంట లేచినప్పుడు పొయ్యి దగ్గరికి చెయ్యి పోదు.

నీళ్లు, చెత్త, వాడిన నూనె ఏం చేయాలి?

కాలనీవాసుల కోపానికి అసలు కారణం చాలాసార్లు ఇదే. బండి తీసేసిన తరువాత ఉదయం ఆ చోటు చూడండి. జిడ్డు పట్టిన రోడ్డు, కాలువ జాలీకి అడ్డుపడిన ఉల్లిపొట్టు, చట్నీ నీళ్లకు ముసిరిన ఈగలు, వాటి చుట్టూ కుక్కలు. కడిగిన నీళ్లు వరద కాలువలో పోస్తే గెడ్డలోకి, గెడ్డ నుంచి సముద్రంలోకి పోతాయి. ఎంత నీరు తెచ్చారో అంత మురుగు నీటిని పట్టే డ్రమ్ము ట్రక్కులోనే ఉండాలి, దానిని భూగర్భ డ్రైనేజీ ఉన్న చోట మాత్రమే పోయాలి. తాగడానికీ వండడానికీ మూత, కుళాయి ఉన్న డ్రమ్ము వేరుగా ఉండాలి. చెంబు ముంచి తీసే నీళ్లు శుభ్రంగా ఉండవు.

ప్రతి వీధి వ్యాపారీ తన దగ్గర పుట్టే చెత్తకు తగిన డబ్బా పెట్టుకుని, దాన్ని పాలక సంస్థ చెప్పిన చోట గాని, చెత్త వాహనంలో గాని వేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే ఆదేశించాయి. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇస్తే కాపులుప్పాడ యార్డుకు చేరే భారం తగ్గుతుంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. విస్తరాకు, అడ్డాకు ఉత్తరాంధ్రలో కొత్తగా నేర్చుకోవలసినవి కావు. బజ్జీలూ పునుగులూ వార్తాపత్రికల్లో చుట్టి ఇవ్వడాన్ని కూడా నిబంధనలు నిషేధించాయి, సిరాలోని రసాయనాలు వేడి నూనెలో కరిగి కడుపులోకి పోతాయి.

మళ్లీ మళ్లీ కాచిన నూనెలో పోలార్ సమ్మేళనాలు (నూనె కాగి కాగి చెడినప్పుడు పుట్టే పదార్థాలు) 25 శాతం దాటితే అది వంటకు పనికిరాదు. రంగు నల్లబడి, నురగ కట్టి, వేడెక్కీ ఎక్కకముందే పొగ వస్తుంటే ఆ నూనె తీసేయవలసిన వేళ దాటినట్టే. అలాంటి నూనెను కాలువలో పోయకుండా డబ్బాలో దాచి, బయోడీజిల్ కోసం సేకరించే అధీకృత సంస్థలకు అమ్ముకోవచ్చు.

రాత్రి పాటలు, జనరేటరు మోత భరించలేకపోతున్నాము. నియమం లేదా?

ఉంది. శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెళ్లు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. ముందుగా యజమానితో మర్యాదగా మాట్లాడి చూడండి. జనరేటరు మాని బ్యాటరీ ఇన్వర్టరు పెట్టుకుంటే ఈ తగవు చాలావరకు తీరిపోతుంది. అప్పటికీ మారకపోతే పోలీసులకు ఫిర్యాదు చేయండి.

క్రికెట్ మ్యాచ్ రోజుల్లో ప్రత్యేక నియమాలుంటాయా?

స్టేడియం చుట్టూ ఆ రోజుల్లో ట్రాఫిక్ మళ్లింపులు ప్రకటిస్తారు. ఆ ఆదేశాలు మామూలు అనుమతులకన్నా పైన ఉంటాయి. ట్రక్కును ముందురోజు రాత్రే వేరే చోటికి మార్చుకోవడం మంచిది.

పెట్టుబడికి ప్రభుత్వ రుణం దొరుకుతుందా?

వీధి వ్యాపారులకు పీఎం స్వనిధి కింద మొదట 15 వేలు, అది తీర్చాక 25 వేలు, ఆ తరువాత 50 వేల రూపాయలు ఇస్తారు. ఈ పథకం 2030 మార్చి 31 దాకా ఉంటుంది. ఇది సరుకు కొనుగోలుకు సరిపోతుంది గాని వాహనానికి చాలదు. వాహనానికి ముద్రా రుణం అడగాలి.

ఎవరికి ఏ ఫిర్యాదు చేయాలి?

చెత్త, మురుగు గురించి వార్డు సచివాలయంలోని పారిశుద్ధ్య కార్యదర్శికి, వాహనం అడ్డు గురించి ట్రాఫిక్ పోలీసులకు, ఆహారం గురించి ఆహార భద్రతాధికారికి చెప్పాలి. తిన్న పదార్థం మీద అనుమానం ఉంటే కొన్నవారే రుసుము కట్టి ప్రయోగశాలలో పరీక్ష చేయించుకునే హక్కు ఆహార భద్రత చట్టం ఇచ్చింది. వ్యాపారులకు తగాదా వస్తే, న్యాయాధికారిగా పనిచేసినవారి అధ్యక్షతన ఏర్పడవలసిన ఫిర్యాదుల పరిష్కార కమిటీకి రాతపూర్వకంగా అర్జీ పెట్టుకోవచ్చు. సర్టిఫికెట్ నియమాల ప్రకారం నడుపుకునే వ్యాపారిని పోలీసులు గాని, మరే అధికారి గాని అడ్డుకోరాదని చట్టంలోనే ఉంది.

సర్టిఫికెట్ ఉన్న మనిషి చనిపోతే కుటుంబం గతి ఏమిటి?

సర్టిఫికెట్ ఉన్నవారు మరణించినా, శాశ్వత వైకల్యం వచ్చినా, జబ్బు పడినా భార్య గాని భర్త గాని, వారు లేకపోతే ఆధారపడిన సంతానం గాని ఆ సర్టిఫికెట్ గడువు తీరేదాకా అదే చోట వ్యాపారం కొనసాగించవచ్చు. మరణ ధ్రువపత్రంతో పాటు కుటుంబ సభ్యుల వివరాలు జతచేసి కమిటీకి దరఖాస్తు చేయాలి. ట్రక్కు విషయంలో దీనితో పాటు ఆర్‌సీని కూడా వారసుల పేర మార్పించుకోవాలి.